గంధకామ్లము: దాని గుణములు, ఉపయోగములు, ప్రమాదములు



రజతోత్సవ సభలో కావ్యప్రసంగమునకు మారుగా ద్రావకమును గూర్చిన ప్రసంగమేల యని కొందరికి తోచవచ్చును. మన ట్రాక్టర్ల బ్యాటరీలలో నిత్యము మన చెంతనే యున్న వస్తువు స్వభావమును తెలిసికొనుటయు విద్యయే కదా!

మన రసశాస్త్ర గ్రంథములలో శంఖద్రావకమను పేరు కలదు. శంఖమును సైతము కరగించునదని దాని యర్థము. ఖనిజామ్లముల శక్తిని పూర్వులెరుగుదురనుటకు ఆ పేరే సాక్షి. గంధకామ్లమును, అనగా సల్ఫ్యూరిక్ ఆమ్లమును, సీసపు గదులలో విరివిగా తయారుచేయు పద్ధతిని 1746లో ఇంగ్లండునందలి బర్మింగ్‌హామున జాన్ రోబక్ ఆరంభించెను. నేడు అనుసరింపబడు స్పర్శవిధానమునకు 1831లో పెరిగ్రిన్ ఫిలిప్స్ పేటెంటు పొందెను.

గాఢామ్లము వర్ణము లేనిది, నూనెవలె చిక్కనిది, నీటికంటె 1.84 రెట్లు బరువైనది. దాని మేలుకీడులలో పెక్కింటికి మూలము దాని జలదాహము. చక్కెరపై పోసినచో అందలి జలాంశమును లాగికొని నల్లని బొగ్గును మిగుల్చును. కట్టెయైనను, నూలుబట్టయైనను, మన చర్మమైనను దానికి భేదము లేదు. మరియొక వింత గలదు: గాఢామ్లమును ఇనుప తొట్లలో నిలువచేయుదురు, పలుచని యామ్లమో, ఇనుమును తినివేసి హైడ్రోజను వాయువును వెడలించును. కావున పలుచనిది నిరపాయకరమని భ్రమింపరాదు.

ఇట్టి యుగ్రవస్తువే రైతునకు పరమోపకారి. రాతి ఫాస్ఫేటు నీట కరగదు. కరగనిది పైరున కందదు. గంధకామ్లముతో కలిపినచో అది సూపర్ ఫాస్ఫేటగును. దీనికి 1842లో జాన్ బెన్నెట్ లాస్ పేటెంటు పొందెను. ప్రపంచమున ఏటేట 20 కోట్ల టన్నులకు మించి తయారగు నీ యామ్లములో సగమునకు పైగా ఎరువులకే వినియోగపడుచున్నది.

బ్యాటరీలోనిది పలుచని గంధకామ్లము. పూర్తిగా చార్జి అయినపుడు దాని సాంద్రత సుమారు 1.28; శక్తి తరిగినకొలది సాంద్రతయు తగ్గును. వాడుకలో హరించునది ప్రధానముగ నీరే గనుక డిస్టిల్డ్ వాటరునే పోయవలెను గాని ఆమ్లమును పోయరాదు. చార్జి అగునపుడు హైడ్రోజను పుట్టును. చెంత బీడీగాని దీపముగాని ఉండరాదు.

గాఢామ్లమును పలుచన చేయవలసినవారు ఆమ్లమునే కొంచెముకొంచెముగా నీటిలో పోయవలెను. నీటిని ఆమ్లములో పోయరాదు. పోసినచో ఆ వేడికి నీరు క్షణములో మరిగి, ఆమ్లముతో సహా ముఖముపైకి చిమ్మును. మీద పడినచో తడిసిన బట్టలను వెంటనే తొలగించి, ధారగా నీటితో 20 నిమిషములకు తక్కువ గాకుండ కడుగుచునే యుండవలెను. సోడా, సున్నము పూయరాదు. కంట పడినను నీరే శరణ్యము, పిదప వైద్యుడు. మ్రింగినవారిచే వాంతి చేయింపరాదు.

మనుష్యుల క్రౌర్యము వలన కలుగు ప్రమాదము అన్నిటికంటె ఘోరమైనది. స్త్రీల ముఖములపై ఆమ్లము పోయు దుర్మార్గమును అరికట్టుటకై 2013లో సుప్రీంకోర్టు కొన్ని నిబంధనలు విధించెను. 18 ఏండ్లు నిండనివారికి ఆమ్లము అమ్మరాదు. కొనువాడు ప్రభుత్వ గుర్తింపుపత్రమును చూపి ప్రయోజనమును తెలుపవలెను. అమ్మువాడు కొనినవాని వివరములను, పరిమాణమును పద్దు వ్రాయవలెను. 2024 జులై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 124వ సెక్షను ప్రకారము, ఆమ్లముతో తీవ్రముగ గాయపరచినవానికి 10 సంవత్సరములకు తక్కువ గాని కారాగారము విధింపబడును. అది యావజ్జీవము కూడ కావచ్చును. ఆ పద్దు కాగితపు లెక్క మాత్రమే కాదు. ఒక బిడ్డ ముఖమును కాపాడు కంచుకము.

పరమేశ్వరుడు హాలాహలమును మ్రింగలేదు, వెలిగ్రక్కలేదు, కంఠమున నిలిపెను. మనమును ఆమ్లమును దాని స్థానమున నిలుపవలెను. త్రాగునీటి సీసాలో దానిని పోయకుడు. పాత్రపై తెలుగులో పెద్ద యక్షరములతో పేరు వ్రాసి, పిల్లలకందని తాళపు అలమరలో నుంచుడు. చదువనేర్చినవారు చదువురానివారికి ఈ నాలుగు మాటలు చెప్పినచో, పాతికేండ్లుగా ఈ గ్రంథాలయము చేసిన సేవకు అదియే తగిన కానుక.