అమ్మానాన్నలు, అమెరికా, షుగరు
(రేడియో ప్రసంగ పాఠం)



వేసవి దగ్గర పడుతోందంటే మన ఇళ్ళల్లో ఒకటే హడావుడి. అమ్మానాన్నలో, అత్తమామలో వస్తుంటారు. పెట్టెల్లో ఆవకాయ, కందిపొడి, సున్నుండలు ఎన్ని కేజీలు పడతాయో తూకం వేసి మరీ సర్దిస్తాం. వాళ్ళతో పాటు వచ్చే షుగరు జబ్బు సంగతి మాత్రం చాలామందికి గుర్తుండదు. ఈ వారం దాని గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం.

ముందుగా ఒక మనవి. నేను డాక్టర్ని కాను, కంప్యూటర్లతో పని చేసుకునేవాడిని. మందు వేసుకోండనో మానండనో చెప్పను. ఆ మాట డాక్టరే చెప్పాలి. ఇంట్లో పెద్దవాళ్ళని చూసుకునే కొడుకులకీ కూతుళ్ళకీ కోడళ్ళకీ అల్లుళ్ళకీ తెలిసి ఉండాల్సిన విషయాలు మాత్రమే ఇవి.

అక్కడ బయలుదేరకముందే చెయ్యాల్సిన పని ఒకటుంది. వాళ్ళు వాడే మాత్రల పేర్లు కాగితం మీద రాయించండి. బ్రాండు పేరు కాదు, లోపలి మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములో కూడా. మన దగ్గర అమ్మే బ్రాండు పేర్లు ఇక్కడి డాక్టర్లకి తెలియవు. పైగా ఇండియాలో ఒకే మాత్రలో రెండు మూడు మందులు కలిపి ఇవ్వడం మామూలు. గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్, వోగ్లిబోస్ కలిసిన మాత్ర అలాంటిదే. ఇందులో వోగ్లిబోస్ అమెరికాలో అసలు అమ్మరు. విల్డాగ్లిప్టిన్, టెనెలిగ్లిప్టిన్ కూడా అంతే. కాబట్టి ఉన్నన్నాళ్ళకీ సరిపడా మందులు, డాక్టరు చీటీ, మీటరు, దాని స్ట్రిప్పులు తెచ్చుకోవాలి. అక్కడి మీటరుకి సరిపోయే స్ట్రిప్పులు ఇక్కడి షాపుల్లో దొరక్కపోవచ్చు.

మందులన్నీ చేతిసంచీలోనే ఉండాలి. ఇన్సులిన్ అయితే మరీను. చెక్-ఇన్ పెట్టెలో పెడితే గడ్డకట్టే ప్రమాదం ఉంది, గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు. ఇక ప్రయాణం ఇరవై గంటల పైమాటే, గడియారం చూస్తే పగలూ రాత్రీ తారుమారు. ఏ మాత్ర ఏ వేళకి వేసుకోవాలో, ఇన్సులిన్ ఎంత తీసుకోవాలో బయలుదేరే ముందే వాళ్ళ డాక్టరు చేత రాయించుకోవడం మంచిది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. షుగరు అనగానే మనకి పెరగడం గురించే భయం. స్వీటు ముట్టుకుంటే కసురుతాం, అన్నం తగ్గించమంటాం. కానీ పెద్దవయసులో గంటల్లో ప్రాణం మీదికి తెచ్చేది చాలాసార్లు షుగరు పడిపోవడం. 70 కన్నా తగ్గితే పడిపోయినట్టు లెక్క. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళకీ, గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్ళకీ ఈ ప్రమాదం ఎక్కువ. ఈ మాత్రలు తిండి తిన్నామా లేదా అని చూడవు, ఇన్సులిన్‌ని ఊరేలా చేస్తూనే ఉంటాయి.

మన ఇళ్ళల్లో ఏం జరుగుతుంది? అమ్మ ఏకాదశి ఉపవాసం ఉంటుంది, కార్తీక సోమవారం పొద్దుగూకే దాకా ఏమీ తినదు, మాత్ర మాత్రం అలవాటు ప్రకారం పొద్దున్నే వేసేసుకుంటుంది. లేదా జెట్ లాగ్ వల్ల మధ్యాహ్నం భోజనం మాని పడుకుంటుంది. మనం ఆఫీసులో, పిల్లలు బడిలో. ఇంట్లో వాళ్ళిద్దరే, ఒక్కోసారి ఒక్కరే. ఉపవాసం వద్దనడం మన పని కాదు. ఆ రోజు మాత్ర సంగతేమిటో ముందుగా డాక్టర్ని అడగడం మన పని.

గుర్తులేమిటంటే చెమటలు, వణుకు, గుండెదడ, ఉన్నట్టుండి ఆకలి, చిరాకు, మాట తడబడటం. బి.పి.కి బీటా బ్లాకర్ మాత్రలు వాడేవాళ్ళలో వణుకూ దడా పైకి కనపడకపోవచ్చు, చెమటలు మాత్రం పడతాయి. అప్పుడు వెంటనే అర కప్పు పండ్లరసమో, మూడు నాలుగు చెంచాల పంచదార కలిపిన నీళ్ళో ఇవ్వాలి. డైట్ సోడా పనికిరాదు. పదిహేను నిమిషాలాగి మళ్ళీ చూడాలి, ఇంకా 70 లోపే ఉంటే మళ్ళీ ఇవ్వాలి. తేరుకున్నాక ఏదైనా తినిపించాలి. తెలివి తప్పితే నోట్లో ఏమీ పొయ్యకూడదు, వెంటనే 911 కి ఫోన్ చెయ్యాలి.

ఇందులోనే ఇంకో మెలిక. వోగ్లిబోస్ ఉన్న మాత్ర వేసుకున్నవాళ్ళకి పంచదార నీళ్ళు త్వరగా పని చెయ్యవు. పంచదారని పేగుల్లో విడగొట్టే పనినే ఆ మందు ఆపుతుంది. వాళ్ళకి నేరుగా గ్లూకోజు ఇవ్వాలి. ఫార్మసీలో చీటీ లేకుండానే గ్లూకోజు బిళ్ళలు దొరుకుతాయి. ఒక డబ్బా వంటింట్లో, ఒకటి కారులో, ఒకటి అమ్మ చేతిసంచీలో పెట్టండి.

రెండోది పాదాలు. చాలా ఏళ్ళుగా షుగరున్నవాళ్ళకి కాళ్ళల్లో స్పర్శ తగ్గుతుంది. ఇక్కడి చలికి తట్టుకోలేక హీటింగ్ ప్యాడ్ కాళ్ళ కింద పెట్టుకుని పడుకుంటారు, కాలినా తెలియదు. టబ్బులో నీళ్ళ వేడి మోచేత్తో చూడాలి, పాదంతో కాదు. రోజూ రాత్రి ఒక్కసారి అరికాళ్ళు చూడండి. మోకాళ్ళ నొప్పులతో వాళ్ళు వంగి చూసుకోలేరు. ఆ పని మనవలకి అప్పచెప్పినా సంతోషంగా చేస్తారు.

ఇక ఇన్సూరెన్సు. విజిటర్ పాలసీలు పాత జబ్బుల మామూలు వైద్యానికి సాధారణంగా డబ్బివ్వవు. ఉన్నట్టుండి ముదిరితే కొంతవరకు ఇచ్చేవి కొన్ని ఉన్నాయి, వాటికీ వయసును బట్టి పరిమితులుంటాయి. కొనేముందు ఆ పేజీ చదవండి. పెద్దవాళ్ళకి ఈ ఖర్చు సంగతి బాగా తెలుసు. అందుకే చెప్పరు. "ఏం లేదురా, కాస్త నీరసం, అంతే" అంటారు. బిడ్డకి డాలర్లు ఖర్చని నొప్పిని దాచుకునే తల్లిదండ్రులు మన ప్రతి వీధిలోనూ ఉన్నారు. కాబట్టి ఎయిర్‌పోర్టు నుంచి వస్తూండగానే చెప్పెయ్యండి: "నాన్నగారూ, డబ్బు సంగతి నాకొదిలెయ్యండి. ఒంట్లో ఎలా ఉంటే అలా చెప్పండి." 1986 నాటి చట్టం ప్రకారం ఆసుపత్రి ఎమర్జెన్సీ విభాగం డబ్బుతో నిమిత్తం లేకుండా పరీక్షించి, ప్రమాదం తప్పించాలి. బిల్లు తరవాత వస్తుంది, నిజమే. కానీ గుండెనొప్పిని పొద్దుటి దాకా ఆపుకోవడం కన్నా అది నయం. చిన్నా చితకా వాటికి ఆదాయాన్ని బట్టి ఫీజు తీసుకునే కమ్యూనిటీ హెల్త్ సెంటర్లు ఉన్నాయి. మీ ఊళ్ళో ఎక్కడుందో ఇప్పుడే చూసి పెట్టుకోండి.

ఇక మన సంగతి. అమ్మకో నాన్నకో షుగరుంటే మనకీ వచ్చే అవకాశం ఎక్కువ. "నేను లావు లేనుగా" అంటారా? 2004లో లాన్సెట్ పత్రికలో ఒక ఫోటో వచ్చింది. పుణేకి చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌కి చెందిన డాక్టర్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడ్డారు. ఇద్దరి బి.ఎం.ఐ. ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం! మనం పైకి సన్నం, లోపల కొవ్వు. అందుకే అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015 నుంచి ఆసియా వాళ్ళకి బి.ఎం.ఐ. 25 దాకా ఆగకుండా 23 దగ్గరే పరీక్ష చెయ్యమంటోంది. ఐదడుగుల ఏడంగుళాల మనిషికి 23 అంటే సుమారు 147 పౌండ్లు. మనలో ఎంతమంది దానికి లోపల ఉన్నాం?

ఏ వన్ సీ పరీక్ష రెండు మూడు నెలల సగటు చెబుతుంది. 5.7 నుంచి 6.4 దాకా ఉంటే హెచ్చరిక, 6.5 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే జబ్బు. హెచ్చరిక దశలో వెనక్కి తిరగొచ్చు. 2002లో ఇక్కడ వెలువడిన పెద్ద అధ్యయనంలో బరువు ఏడు శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల నడక లాంటి వ్యాయామం లక్ష్యంగా పెట్టుకున్నవాళ్ళలో షుగరు రావడం 58 శాతం తగ్గింది. మాత్ర వేసుకున్నవాళ్ళలో తగ్గింది 31 శాతమే. 160 పౌండ్ల మనిషికి ఏడు శాతం అంటే పదకొండు పౌండ్లు. రోజూ అరగంట, వారానికి ఐదు రోజులు నడిస్తే ఆ 150 నిమిషాలు పూర్తవుతాయి.

ఆ అరగంట అమ్మానాన్నలతో కలిసి నడవండి. పగలంతా టీవీ ముందు కూర్చునే వాళ్ళకి అది మందు కన్నా మిన్న. చలికాలం అయితే మాల్‌లో నడవండి. వాళ్ళ ఒంట్లో నలతలు చాలావరకు ఆ నడకలోనే, మాటల మధ్యలో బయటపడతాయి.

ఇవాళ్టికి ఇంతే. గ్లూకోజు బిళ్ళలు కొనడం మర్చిపోకండి. సెలవు, నమస్కారం.