రాజనీతి శాస్త్రం: పాత మార్గం, కొత్త మార్గం



రాజనీతి శాస్త్రాన్ని అధ్యయనం చేసే పద్ధతులను గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. ఇది కాలేజీ విద్యార్థుల గొడవ, మనకెందుకని అనుకోవద్దు. పరభాషా ప్రాంతంలో అల్పసంఖ్యాకులుగా వున్న మనకు దీని అవసరం ఇతరులకంటె ఎక్కువ.

ప్రాచీనులు రాజనీతిని ధర్మవిచారంగా భావించారు. న్యాయమైన రాజ్యమేది అని ప్లేటో ప్రశ్నించాడు. అరిస్టాటిల్ 158 రాజ్యాంగాలను పోగుచేయించాడని ప్రసిద్ధి. స్వామి, అమాత్యుడు, జనపదం, దుర్గం, కోశం, దండం, మిత్రుడు అని కౌటిల్యుడు రాజ్యానికి ఏడంగాలు చెప్పాడు. ఆయన అర్థశాస్త్రాన్ని మైసూరులో శామశాస్త్రిగారు 1909లో వెలువరించారు. తరువాతి పండితులు చట్టాలనూ, శాసనసభలనూ పరిశీలించారు. పాలన ఎట్లా వుండాలి, చట్టమేమంటున్నది అన్నవి ఈ సంప్రదాయ మార్గపు ప్రశ్నలు.

20వ శతాబ్దిలో అమెరికా పండితులు మరొక దారి తొక్కారు. మనుష్యుల నడవడినే శాస్త్రీయంగా పరిశీలించాలని షికాగో ఆచార్యుడు చార్లెస్ మెరియం 1925లో వాదించాడు. 1940 అధ్యక్ష ఎన్నికలప్పుడు లాజర్స్‌ఫెల్డ్ బృందం ఒహాయో రాష్ట్రంలోని ఒక కౌంటీలో 600 మందిని నెలనెలా ప్రశ్నించింది. ప్రచారం విని పక్షం మార్చుకొన్నవారు కొద్దిమందే. ఇంటివారి, స్నేహితుల మాటే బలమైనదని తేలింది. రాజ్యాంగ గ్రంథాన్ని ఎన్నిసార్లు తిరగవేసినా తెలియని సంగతి ఇది. ఈ మార్గానికే ప్రవర్తనావాదమని పేరు. 1963లో రజనీ కొఠారీ ఢిల్లీలో నెలకొల్పిన వికాసశీల సమాజాల అధ్యయన కేంద్రం మన దేశంలో ఇటువంటి పరిశీలనకు పీఠమైంది.

ఇక మన సంగతి చూద్దాం. 1956లో 7వ సవరణ ద్వారా రాజ్యాంగంలో 350-ఎ అధికరణం చేరింది. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన సౌకర్యాలు కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలని అది చెపుతున్నది. 350-బి ప్రకారం ఈ రక్షణలను పరిశీలించడానికి ప్రత్యేకాధికారి వుండాలి. కేవలం చట్టం చదివినవాడు ఇక్కడ తృప్తిపడి పుస్తకం మూస్తాడు. కొత్త మార్గంవాడు మన వీధిలోకి వచ్చి అడుగుతాడు: బడికి పోయే తెలుగు పిల్లలెందరు? తెలుగు తరగతి వున్నదా? వున్నచోట పిల్లలను చేర్పించని తలిదండ్రులెందరు? ఎందుచేత? ఆ జవాబులలో కొన్ని ప్రభుత్వానికి కాక మనకే తగులుతాయి.

ఐతే లెక్క ఒక్కటే చాలదు. పదిళ్లలో ఎనిమిది తెలుగు మానుకొన్నాయని తేలిందనుకొందాం. ఇక తెలుగు అక్కరలేదని ఒకరూ, ఇప్పుడే అక్కర మెండని మరొకరూ ఆ లెక్కనే చూపవచ్చు. ఏది న్యాయమో అంకె చెప్పదు. ప్రవర్తనావాదుల్లో అగ్రగణ్యుడైన డేవిడ్ ఈస్టన్ కూడా 1969లో అమెరికా రాజనీతి శాస్త్ర సంఘాధ్యక్షుడుగా మాట్లాడుతూ, శాస్త్రం సమాజపు తక్షణ సమస్యలకు పనికిరావాలని నొక్కి చెప్పాడు.

కనుక నా మనవి ఇది. ఈ యేడు మన సంఘం ఆ రెండు అధికరణాలనూ తెలుగులో చదివి వినిపించాలి. పిమ్మట యువకులు ఇల్లిల్లూ తిరిగి బడి పిల్లల లెక్క వ్రాయాలి. హక్కు తెలియక లెక్క మాత్రమే తీసుకొని వెడితే అది యాచన అవుతుంది. లెక్క లేకుండా హక్కు మాత్రమే చెపితే ఉపన్యాసం అవుతుంది. రెండూ చేతబట్టుకొని అధికారుల వద్దకు వెడదాం. దానికి ముందు మన పిల్లలను తెలుగు తరగతిలో చేర్పిద్దాం.