మోక్పో కన్నీరు: కొరియా గాయని లీ నన్‌యంగ్ చరిత్రము



ఈ సాయంకాలము నేను మీకు కొరియా దేశపు గాయని యొకతె చరిత్రము చెప్పదలచితిని. గ్రామములోని పెద్దలకు కొరియా గాయనితో నేమి పని యని మీరడుగవచ్చును. మీ మనుమలు, మనుమరాండ్రు ఇపుడు చేతిఫోనులలో కొరియా పాటలు వినుచున్నారు. భాష తెలియకున్నను పదములు వల్లించుచున్నారు. 2020వ సంవత్సరమున బి.టి.ఎస్. అను ఏడుగురు యువకుల బృందము పాడిన పాట అమెరికా దేశపు ప్రసిద్ధమైన పట్టికలో ప్రథమస్థానము నందెను. ఇదంతయు నిన్న మొన్న పుట్టిన వేడుక యని పిల్లలు తలంతురు. కాని దీని వెనుక తొంబది యేండ్ల చరిత్ర యున్నది. ఆ చరిత్ర మొదటి పుటలలో ఒక పేదరాలి పేరు వ్రాయబడి యున్నది. ఆమెయే లీ నన్‌యంగ్.

కొరియా ద్వీపకల్పమునకు నైరృతి మూలను మోక్పో యను రేవుపట్టణము కలదు. 1897లో ఆ రేవు విదేశ వర్తకమునకు తెరవబడెను. 1910లో జపాను ప్రభుత్వము కొరియాను తన రాజ్యములో కలుపుకొనెను. అటుపిమ్మట మోక్పో చుట్టుప్రక్కల మాగాణులలో పండిన వరి, మెట్టలలో పండిన ప్రత్తి ఓడలకెక్కి జపానునకు తరలిపోవుచుండెను. పండించినవాని గాదె ఖాళీయై, రేవులోని గిడ్డంగి నిండుటయన నేమో మీకు నేను విప్పి చెప్పనక్కరలేదు. మన తాతముత్తాతలు పరప్రభుత్వమున చూచినదే వారును చూచిరి.

అట్టి పట్టణమున 1916వ సంవత్సరము జూను నెలలో నన్‌యంగ్ జన్మించెను. ఇల్లు కడుబీద. ఇల్లు గడచుట దుర్భరమై తల్లి సముద్రము దాటి జేజు దీవికి పోయి, పరుల యింట పనిచేసి పొట్టపోసికొనవలసి వచ్చెను. బాలిక చదువు ప్రాథమిక పాఠశాల దాటకుండగనే నిలిచిపోయెను. ఆస్తి లేదు, విద్య లేదు, అండ లేదు. ఉన్నదెల్ల కంఠ మొక్కటే. ఆ కంఠమును నమ్ముకొని ఆమె యొక సంచార నాటకసమాజమున చేరెను. ఒక అంకము ముగిసి తెరపడి మరల లేచులోపల జనము లేచిపోకుండ పాట పాడుట ఆమె పని. మన పల్లెలలో నాటకములాడిన రోజులు జ్ఞాపకమున్నవారికి ఆ పని యెట్టిదో తెలియును. జనము వచ్చునది నాటకము కొరకు. నడుమ పాడునది ఎవతె యని అడుగువా రరుదు.

1933లో ఆమె కంఠము మొదటిసారి గ్రామఫోను పలక కెక్కెను. కొలదికాలములోనే ఓకే యను రికార్డుల కంపెనీ వారు ఆమెను చేర్చుకొనిరి. ఆ రోజులలో సియోలు నగరమునందలి దినపత్రిక యొకటి, ఎవరి స్వగ్రామమును గూర్చి వారు పాట వ్రాసి పంపుడని పోటీ పెట్టెను. మోక్పో నివాసియైన మూన్ ఇల్‌సోక్ అను కవి తన రేవును గూర్చి వ్రాసిన పాట బహుమతి నందెను. దానికి సోన్ మోగిన్ స్వరము కూర్చెను. పాడుటకు మోక్పో బిడ్డనే నియోగించిరి. 1935లో వెలువడిన ఆ రికార్డు పేరు ‘మోక్పో కన్నీరు’. అప్పటికి ఆమెకు పందొమ్మిదేండ్లు.

పైకి చూచిన అది విరహగీతము. ఓడ వెడలిపోవును, ఒడ్డున నిలిచిన పడుచు కన్నీరు కార్చును. ఇంతకన్న వేరు కథ లేదు. అట్టిచో దేశమంతయు దానికేల కదలిపోయెను? దీనికి సమాధానము ఆ యూరి కొండలో నున్నది.

మోక్పో పట్టణమునకు పైన యుదల్ అను కొండ కలదు. దాని పాదమున నోజోక్ అను శిల యొకటి లేచి నిలిచియున్నది. నోజోక్ అనగా ధాన్యపు కుప్ప. 1592 మొదలు 1598 వరకు జపాను సేనలు కొరియాపై దండెత్తి దేశమును పాడుచేసెను. అపుడు కొరియా నౌకాసేనాని యీ సున్‌సిన్ ఆ శిలను గడ్డితో కప్పించెనట. సముద్రముపై నుండి చూచిన శత్రువులు, ఇంత ధాన్యము కుప్పవేసినవారి వద్ద ఎంత సేన యున్నదోయని భయపడి మరలిపోయిరట. ఇది ఐతిహ్యము, చరిత్ర యని నేను చెప్పను. ఐనను మోక్పోలో ఈ కథ నెరుగని పిల్లవాడుండడు. కవి తన పాట రెండవ చరణమున ఆ శిల పేరు పెట్టి, ఆ పాత యుద్ధము నాటి పగను తలపించు మాట యొకటి కూర్చెను. విన్నవాడు నోరు మెదపకయే అర్థము చేసికొనెను.

జపాను పోలీసులు సైతము అర్థము చేసికొనిరి. ఆ మాటను గూర్చి విచారణ జరిగినది. అందుకు కంపెనీవారు చేసిన ఉపాయము వినదగినది. ముద్రించిన పత్రములో ఆ మాటను తీసివేసి, చెవికి ఇంచుమించు అట్లే వినబడునదియు, అర్థము మాత్రము వేరైనదియు నగు మాటను పెట్టిరి. కాగితము చదివిన అధికారికి ఒక యర్థము. పాట విన్న ప్రజలకు వేరొక యర్థము. మన కవులు శ్లేషను రాజసభలలో చమత్కారమునకు వాడిరి. ఇచ్చట శ్లేష ఒక పాటను చెరసాల నుండి తప్పించెను.

ఆ రికార్డును నేను పలుమారులు వింటిని. భాష నాకు రాదు. కంఠము సన్నము, కొంచెము ముక్కున పలుకును, పదము చివర వణకును. మన ఔడవ రాగములందువలె ఐదు స్వరములే అందు సంచరించును. తాళము రెండు దెబ్బలది. ఈ తీరు పాటకు తరువాత ‘ట్రాట్’ అను పేరు స్థిరపడెను. ఆ పేరు ఫాక్స్‌ట్రాట్ అను పాశ్చాత్య నృత్యము పేరునుండి వచ్చినది. ఈ పాటల కట్టుబడి జపాను పాటల కట్టుబడికి దగ్గరచుట్టము. కావుననే కొరియా పండితులలో నేటికిని వాదమున్నది: ఈ పాట మనదా, మనల నేలినవారిదా యని. 1964లో లీ మీజా యను మరియొక గాయని పాడి మిక్కిలి పేరు తెచ్చుకొన్న ట్రాట్ పాటను, జపాను పోకడ గలదను కారణమున మరుసటి యేడే దక్షిణ కొరియా ప్రభుత్వము నిషేధించెను. 1987 వరకు ఆ నిషేధము తొలగలేదు. నా యభిప్రాయ మడిగినచో, పాత్ర పొరుగువానిదైనను అందులో పోసిన కన్నీరు మోక్పోదే యని చెప్పుదును. జనము గుర్తుంచుకొన్నది కన్నీటినే.

ఇక ఆమె సంసారమును గూర్చి చెప్పెదను. ఆ పాట వెలువడిన కొలదికాలమునకు ఆమె కిమ్ హేసోంగ్ అను సంగీతజ్ఞుని వివాహమాడెను. అతడు పాటలు కూర్చువాడు, పాడువాడు, గిటారు వాయించుటలో నేర్పరి. 1930ల చివర కంపెనీలోని గాయనులు కొందరు కలిసి ‘జోగోరి సిస్టర్స్’ అను బృందముగా ప్రదర్శనము లిచ్చిరి. అందు నన్‌యంగ్ ఒకతె. జోగోరి యనగా కొరియా స్త్రీలు ధరించు పైయంగీ. నేడు లోకమంతట వినబడు కొరియా బాలికాబృందములకు ఇదియే మొదటి మెట్టని చెప్పుదురు.

ఇచట ఒక విషయము దాచరాదు. యుద్ధకాలమున, 1943లో, జపాను సైన్యమునకు అనుకూలముగా వచ్చిన పాటలలో సైతము ఆమె కంఠము వినబడినది. అట్టి యొకదానికి స్వరము కూర్చినది ఆమె భర్తయే. పగను దాచి పాడిన కంఠమే పగవానిని పొగడవలసి వచ్చినది. ఆమె మనసులో నేమున్నదో నే నెరుగను. పరప్రభుత్వము క్రింద కరణీకముగాని, మునసబీగాని చేసిన కుటుంబములవారు మీలో ఉందురు. తీర్పు చెప్పుట ఎంత కష్టమో వారికి తెలియును.

1945 ఆగస్టులో కొరియాకు విముక్తి కలిగెను. కిమ్ హేసోంగ్ స్వంతముగా కె.పి.కె. యను వాద్యబృందమును స్థాపించి సంగీతనాటకము లాడించెను. ఐదేండ్లు సుఖముగా గడచెను. 1950 జూను 25వ తేదీన ఉత్తర దక్షిణ కొరియాల నడుమ యుద్ధము ప్రారంభమయ్యెను. మూడు దినములలో సియోలు నగరము ఉత్తర సేనల వశమయ్యెను. వారు కిమ్ హేసోంగును పట్టుకొనిపోయిరి. అతడు మరల ఇల్లు చేరలేదు. ముప్పదినాలుగేండ్ల ఆ యిల్లాలికి ఏడుగురు బిడ్డలు. భర్త బ్రతికియున్నాడో లేడో తెలియదు. నగరము చేతులు మారుచుండెను. తినుటకు గింజ లేదు.

అపు డామె చేసిన పని నా కన్నిటికంటె గొప్పదిగ తోచుచున్నది. దేశమున అమెరికా సైనికుల శిబిరములు వెలసినవి. ఆ సైనికులకు కావలసినవి తమ దేశపు పాటలు. ఆమె తన కుమార్తెలు సూక్‌జా, ఏజా యనువారిని, తన యన్నగారి కుమార్తె మిన్‌జాను చేర్చి ముగ్గురిని ఒక బృందముగా కూర్చెను. పెద్దదానికి గూడ అప్పటికి పదునైదేండ్లు నిండలేదు. వారిలో నెవరికిని ఇంగ్లీషు రాదు. రికార్డు పెట్టి, ఒక్కొక్క మాటను శబ్దముగా మాత్రమే వల్లింపజేసెను. మన వేదపాఠశాలలలో బాలురు అర్థమెరుగక మునుపే స్వరము తప్పక వల్లించుట మీరు చూచియుందురు; ఇదియు నట్టిదే. పాఠము చక్కగా అప్పగించిన పిల్లకు అరటిపండు బహుమానము. ఆ దినములలో ఆ శీతలదేశమున అరటిపండు దొరకుట యెంత దుర్లభమో ఊహింపుడు. శిబిరములలో పాడినందుకు సైనికులు విస్కీ సీసాలు, చాకొలెట్లు ఇచ్చెడివారు. వానిని బజారులో మార్చి బియ్యము తెచ్చెడిది. ఆ పాటలతో ఏడుగురు బిడ్డల కడుపులు నిండినవి.

ఆ ముగ్గురు పిల్లలే ‘కిమ్ సిస్టర్స్’ అని ప్రసిద్ధి కెక్కిరి. 1959లో వారు అమెరికాలోని లాస్ వేగాస్ నగరమునకు ఆహ్వానింపబడి థండర్‌బర్డ్ హోటలులో పాడిరి. ఆ యేడే ఎడ్ సల్లివాన్ నిర్వహించు టెలివిజను కార్యక్రమమునకు పిలువబడిరి. తరువాతి యేండ్లలో ఇరువదిసార్లకు పైగా అందు పాడిరి. పాట యొకటే చాలదు, వాద్యములును రావలెనను శిక్షణలో పెరిగినవారు గాన, కయాగమ్ అను తమ దేశపు తంత్రీవాద్యము మొదలు శాక్సఫోను వరకు పెక్కు వాద్యములు వాయించి అమెరికనులను విస్మితులను జేసిరి. అమెరికాలో నిలద్రొక్కుకొన్న మొదటి కొరియా బృందము వారిదే.

తల్లి మాత్రము కొరియాలోనే యుండెను. నామ్ ఇన్‌సూ యను సుప్రసిద్ధ గాయకుడు క్షయరోగపీడితుడు కాగా, 1962లో అతడు మరణించువరకు ఆమె అతనికి ఉపచర్య చేసెను. 1963లో అమెరికాకు పోయి, టెలివిజనులో కుమార్తెలతో కలిసి పాడెను. కొడుకులును ఆ దేశమునకు పోయి సంగీతబృందముగా స్థిరపడిరి. ఆమె తిరిగి వచ్చెను. 1965 ఏప్రిలు 11వ తేదీన సియోలు నగరమున కన్నుమూసెను. అప్పటికి నలువది యెనిమిదేండ్లు. లోకమునకు పాట నేర్పి పంపిన యింట చివర నిశ్శబ్దము మిగిలెను. బిడ్డలను పైదేశములకు పంపి, పండుగనాడు ఫోను మ్రోత కొరకు ఎదురుచూచు తల్లిదండ్రులు నేడు మన యూళ్లలో నెందరో కలరు. వారికి ఈ ముగింపు క్రొత్తది కాదు.

1969లో యుదల్ కొండపై ఆ పాటకు శిలాఫలకము నెలకొల్పిరి. ఆ ప్రాంతపు ప్రజలు తమ బేస్‌బాలు జట్టు ఆడునపుడు వేలమంది ఒక్క గొంతుతో ఆ పాటను పాడెడివారు. ఆ జట్టు గెలుపును చూచుటకు వచ్చి, కన్నీటి పాట పాడుట వింతగ నున్నది గదా! 1980లలో వారి ప్రాంతము ప్రభుత్వము చేత మిక్కిలి బాధపడెను. ఆ బాధను చెప్పుకొనుటకు వారికి క్రొత్త పాట అక్కరలేకపోయెను. 2006లో ఆమె యస్థికలను మోక్పోకు తెచ్చి, ఆమె పాటలో పేరున్న సామ్‌హాక్ దీవిలో ఒక చెట్టు మొదట నిక్షేపించిరి. మనము చైనా గోరింట యని పిలుచు చెట్టు అది.

అయ్యలారా! ఒక విషయము మీకు మనవి చేసి ముగించెదను. కొరియావారు ఆ పాటను మాత్రమే కాక, వ్రాసినవాని పేరు, స్వరము కూర్చినవాని పేరు, పాడినదాని పేరు భద్రపరచుకొనిరి. మన యూళ్లలో నాట్లు వేయునపుడు, తిరుగలి త్రిప్పునపుడు, పెండ్లిపీటల చెంత పాడిన స్త్రీలు ఎందరు! వారి పాటలలో కొన్ని మిగిలినవి, పేర్లు పోయినవి. మీరు చదువు వచ్చిన పెద్దలు. మీ గ్రామమున పాత పాటలు వచ్చిన వృద్ధురాలు ఒకతెయైన నుండును. రేపు ప్రొద్దుట పోయి, ఆమె పాటను వ్రాసికొనుడు. మనుమని చేతిఫోను మీ యింట నున్నచో, ఆ గొంతును అందు పట్టి యుంచుడు. పాట క్రింద ఆమె పేరు, ఇంటిపేరు, ఊరిపేరు తప్పక చేర్చుడు. అది చేసిన దినమున ఈ ప్రసంగము సార్థకమైనదని యెంచుకొందును.

సెలవు.