నంబరు పాతదే, నేల కొత్తది: వర్జీనియా సెనేట్ 10వ డిస్ట్రిక్ట్ కథ

ఈ ఎపిసోడ్‌ని నా తప్పుతోనే మొదలుపెడతాను.

వర్జీనియా ఎన్నికల మీద ఇంతకుముందు చేసిన వీడియోలో ఒక టేబుల్ చూపించాను, గుర్తుందా? స్టేట్ సెనేట్ 10వ డిస్ట్రిక్ట్. 2015లో రిపబ్లికన్, 2019లో డెమొక్రాట్, 2023లో మళ్లీ రిపబ్లికన్. ఆ టేబుల్ చూపిస్తూ, "నాలుగేళ్లకే జనానికి మోజు తీరిపోయింది" అనేశాను. ఎంత ధీమాగా అన్నానో ఇప్పుడు చూస్తుంటే సిగ్గేస్తోంది.

ఎందుకంటే, అక్కడ చెస్టర్‌ఫీల్డ్ కౌంటీలో ఉండే ఒక తెలుగాయన మెయిల్ పెట్టారు. "తమ్ముడూ, 2019లో ఆవిడకే ఓటేశాను, 2023లోనూ ఆవిడకే వేశాను. నేను ఇల్లు మారలేదు. రెండుసార్లూ ఆవిడే గెలిచారు. మరి మోజు తీరింది ఎవరికి?" అని.

ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. అసలేం జరిగిందో మొదటి నుంచి చూద్దాం.

వర్జీనియా సెనేట్‌లో 40 సీట్లు. పదవీకాలం నాలుగేళ్లు. నలభై సీట్లకూ ఎన్నికలు ఒకేసారి, అదీ బేసి సంవత్సరాల్లో. 2020 లెక్కల ప్రకారం రాష్ట్ర జనాభా 86 లక్షల 31 వేలు. అంటే ఒక్కో సీటుకి సుమారు 2 లక్షల 15 వేల మంది.

2011లో గీసిన మ్యాప్‌లో 10వ డిస్ట్రిక్ట్ అంటే మూడు ముక్కలు. పౌహాటన్ కౌంటీ మొత్తం, చెస్టర్‌ఫీల్డ్ కౌంటీలో కొంత, రిచ్‌మండ్ నగరంలో కొంత. పౌహాటన్ పల్లెటూరి వైపు, గట్టి రిపబ్లికన్ ఏరియా. రిచ్‌మండ్ నగరం డెమొక్రాట్ల వైపు. మధ్యలో చెస్టర్‌ఫీల్డ్ శివారు కాలనీలు. ఆట అంతా అక్కడే.

ఈ సీటు చాలాకాలం జాన్ వాట్కిన్స్ అనే రిపబ్లికన్ సెనేటర్ చేతిలో ఉండేది. 2015లో ఆయన మళ్లీ పోటీ చేయనన్నారు. అప్పుడు సెనేట్‌లో లెక్క 21-19, రిపబ్లికన్లది పైచేయి. డెమొక్రాట్లు ఒక్క సీటు లాక్కుంటే 20-20. అప్పుడు టై పడితే ఓటు వేసేది లెఫ్టినెంట్ గవర్నర్, ఆయన డెమొక్రాట్. అందుకే రాష్ట్రం దృష్టంతా ఈ సీటు మీద పడింది. రిపబ్లికన్ అభ్యర్థి గ్లెన్ స్టర్టెవాంట్, డెమొక్రాట్ డాన్ గెకర్. స్టర్టెవాంట్ గెలిచారు, కానీ చాలా స్వల్ప తేడాతో. సెనేట్ 21-19 దగ్గరే ఆగిపోయింది.

మరుసటి ఏడాదే అధ్యక్ష ఎన్నికల్లో ఇదే డిస్ట్రిక్ట్‌లో హిల్లరీ క్లింటన్‌కి ట్రంప్ కంటే ఎక్కువ ఓట్లు వచ్చాయి. అంటే స్టర్టెవాంట్ కూర్చున్న కుర్చీ అప్పటికే కదులుతోంది.

2019లో ఆయన మీద నిలబడింది గజాలా హాష్మి. మన హైదరాబాద్‌లో పుట్టారు. చిన్నతనంలోనే అమెరికా వెళ్లారు, జార్జియా రాష్ట్రంలో పెరిగారు. వృత్తి సాహిత్యం పాఠాలు చెప్పడం. అంతకుముందు ఏ ఎన్నికలోనూ గెలిచిన మనిషి కాదు. సుమారు 54 శాతం ఓట్లతో గెలిచారు. వర్జీనియా సెనేట్‌లో తొలి ముస్లిం మహిళ ఆవిడే. ఆ రోజే సెనేట్ 21-19తో డెమొక్రాట్ల వైపు తిరిగింది. ఆ మెజారిటీ ఉన్నప్పుడే, 2021లో, వర్జీనియా మరణశిక్షను రద్దు చేసింది. దక్షిణాది రాష్ట్రాల్లో ఆ పని చేసిన మొదటిది అదే. ఒక్క సీటంటే మాటలు కాదండి.

ఇక్కడిదాకా నేను చెప్పింది కరెక్టే. తప్పు ఇక్కడి నుంచి మొదలైంది.

అమెరికాలో పదేళ్లకోసారి జనాభా లెక్కలయ్యాక సరిహద్దులు మళ్లీ గీస్తారు. వర్జీనియాలో ఆ పని అసెంబ్లీయే చేసేది. అధికారంలో ఉన్నవాళ్లే తమకు అనుకూలంగా గీసుకుంటున్నారని గొడవ. 2020 నవంబర్‌లో ఓటర్లు రాజ్యాంగ సవరణను ఆమోదించి ఒక కమిషన్ పెట్టారు. 16 మంది సభ్యులు. ఎనిమిది మంది చట్టసభల వాళ్లు, ఎనిమిది మంది మామూలు పౌరులు. ఏకాభిప్రాయం కుదరలేదు. మ్యాప్ గీయలేకపోయారు.

వ్యవహారం రాష్ట్ర సుప్రీం కోర్టుకి వెళ్లింది. కోర్టు ఇద్దరు నిపుణులను పెట్టింది. ఒకరు డెమొక్రాట్లు సూచించినవారు, ఇంకొకరు రిపబ్లికన్లు సూచించినవారు. ఉన్న సెనేటర్ల ఇళ్లు ఎక్కడున్నాయో పట్టించుకోకుండా గీశారు. 2021 డిసెంబర్ 28న కోర్టు ఆ మ్యాప్‌ని ఖాయం చేసింది.

కొత్త మ్యాప్‌లో 10వ నంబరు రిచ్‌మండ్‌కి పశ్చిమాన ఉన్న పల్లె కౌంటీలకి వెళ్లిపోయింది. పౌహాటన్ ఒక్కటే పాత నంబర్లో మిగిలింది. నగరం పోయింది, శివార్లు పోయాయి. ఆ కొత్త సీటు 2023లో రిపబ్లికన్ జాన్ మెగ్వైర్ గెలుచుకున్నారు. 2024లో ఆయన అమెరికా కాంగ్రెస్‌కి వెళ్లిపోతే, 2025 జనవరి 7న జరిగిన ఉపఎన్నికలో అదే పార్టీకి చెందిన లూథర్ సైఫర్స్ గెలిచారు.

మరి హాష్మి? ఆవిడ ఓడిపోలేదు. రిచ్‌మండ్ దక్షిణ భాగం, చెస్టర్‌ఫీల్డ్‌లో కొంత కలిపిన కొత్త 15వ డిస్ట్రిక్ట్ నుంచి గెలిచారు. ఇంకో విషయం. 2019లో ఆవిడ చేతిలో ఓడిన స్టర్టెవాంట్ కూడా 2023లో చెస్టర్‌ఫీల్డ్ వైపున్న 12వ డిస్ట్రిక్ట్ నుంచి గెలిచి సెనేట్‌కి తిరిగొచ్చారు. ఒకప్పుడు ఒకే సీటు కోసం కొట్టుకున్న ఇద్దరూ ఒకే సభలో కూర్చున్నారు! నా టేబుల్‌లో ఇదేదీ లేదు.

2025 నవంబర్‌లో హాష్మి లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచారు. సెనేట్‌కి అధ్యక్షత వహించే పదవి అది. టై పడితే ఓటు ఆవిడదే.

సో, నా తప్పేంటి? సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఒక్క ముక్కలో అర్థమవుతుంది. రెండు టేబుల్స్‌ని డిస్ట్రిక్ట్ నంబర్ మీద జాయిన్ చేశాను. రెండు చోట్లా నంబర్ 10. ఎర్రర్ రాలేదు, గ్రాఫ్ అందంగా వచ్చింది. కానీ మధ్యలో ఆ నంబర్‌ని వేరే నేలకి ఇచ్చేశారు. మిగతావాళ్లకి ఇలా చెప్తాను. అద్దె ఇంట్లో పాతవాళ్లు ఖాళీ చేసి కొత్తవాళ్లు దిగితే, డోర్ నంబర్ చూసి "ఈ కుటుంబం మారిపోయిందండీ" అన్నట్టుంది నా విశ్లేషణ. సరైన పద్ధతి ఏంటంటే, పోలింగ్ కేంద్రాల లెక్కలు తీసుకుని, పాత ఓట్లను కొత్త గీతల్లో పెట్టి చూడటం. శ్రమ ఎక్కువ. నేను చేయలేదు.

ఇదంతా మనకెందుకు అంటారా? మన దగ్గర 2008 డీలిమిటేషన్‌తో గీతలు మారాయి. ఖైరతాబాద్‌ని విడదీసి జూబ్లీహిల్స్ పుట్టింది అప్పుడే, తొలి ఎన్నిక 2009లో. అయినా "ఖైరతాబాద్ 2004, ఖైరతాబాద్ 2009" అని పక్కపక్కన పెట్టి మాట్లాడేవాళ్లు ఎంతమంది లేరు! ముందుముందు ఇంకా పెద్ద మార్పు రావచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 175 సీట్లు 225కి, తెలంగాణలో 119 సీట్లు 153కి పెంచాలని 2014 విభజన చట్టంలో రాసి ఉంది. ఆ రోజు వస్తే టీవీల్లో నాలాంటి టేబుల్స్ వంద కనిపిస్తాయి. "ఈ ఊరు ఫలానా పార్టీకి దూరమైంది" అంటారు. నమ్మే ముందు ఒక్క ప్రశ్న అడగండి: ఆ రెండు ఎన్నికల్లో ఓటేసింది అదే ఊరా?

చెస్టర్‌ఫీల్డ్ అన్నయ్యకి థాంక్స్. పాత వీడియో తీసేయడం లేదు. పైన దిద్దుబాటు పెట్టాను, తప్పు కూడా కనబడాలి కదా. మీరు ఒక పని చేయండి. మీ ఇల్లు 2008కి ముందు ఏ నియోజకవర్గంలో ఉండేదో అమ్మనో నాన్ననో అడిగి నాకు రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.