చెంఘిజ్ ఖాన్ నుంచి శిథిలాలయం దాకా

ఈమధ్య రెండు నవలలు వెంటవెంటనే చదివాను. మొదటిది తెన్నేటి సూరి ‘చెంఘిజ్ ఖాన్’. రక్తపిపాసిగా పేరుపడ్డ మనిషి ఇందులో తండ్రిని పోగొట్టుకుని, తెగల కక్షల మధ్య పెరిగిన తెమూజిన్‌గా కనిపిస్తాడు. 1206లో మంగోలు తెగలు అతణ్ణి ఖాన్‌గా ఎందుకు ఒప్పుకున్నాయో ఆ బాల్యం చదివితే అర్థమవుతుంది. రచయిత అభిమానం కొన్నిచోట్ల హద్దు దాటిందనిపించింది. బూడిదైన నగరాల వేదన ఇంకా వినిపించాల్సింది. అయినా చదివి తీరవలసిన నవల.

రెండోది దాసరి సుబ్రహ్మణ్యం ‘శిథిలాలయం’, ఒకనాటి చందమామ సీరియల్. 1954లో ‘తోకచుక్క’తో మొదలైన ఆయన సీరియళ్లకు చిత్రకారుడు చిత్రా బొమ్మలు ప్రాణం పోశాయి. అడవులు, మాంత్రికులు, సాహసాలు... కథ ఎక్కడా కుంటుపడదు. పిల్లల పుస్తకమని పక్కన పెట్టకండి. ముందు సూరిని చదవండి, ఆ బరువు దిగాక దీన్ని తెరవండి.