చూరు సందులు – పాల శుభ్రత
(పాల సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన పాల సేకరణ గది కప్పును ఒకసారి తలెత్తి చూద్దాం. రేకు వంపులకూ గోడకూ నడుమ ఉన్న సందులన్నీ పిచ్చుకలకు, గోరింకలకు వాకిళ్లే. వాటి కిందనే మనం క్యాన్ల మూతలు తీసి పాలు పోస్తున్నాము. పైనుంచి ఏది పడినా వడకడితే పోతుందని కొందరంటారు. గడ్డిపోచ, ఈక గుడ్డలో ఆగుతాయి. రెట్టతో వచ్చే సాల్మొనెల్లా వంటి క్రిములు ఆగవు. ఒక్క క్యాను చెడితే అందులో పాలు పోసిన ఇళ్లన్నిటికీ నష్టమే.

కనుక సందులు మూయవలసిందే. అయితే గూటిలో పిల్లలుంటే ఆగుదాం. పిచ్చుక గుడ్లు పొదగడానికి సుమారు 12 రోజులు, పిల్లలు ఎగరడానికి మరో 15 రోజులు పడుతుంది. ముందే మూస్తే అవి లోపలే చచ్చి, కుళ్లి, పురుగులు క్యాన్లలో పడతాయి. పాపం సంగతి సరేసరి.

గూడు ఖాళీ అయ్యాక క్యాన్లు బయట పెట్టి, ముక్కుకు గుడ్డ కట్టుకొని, నీళ్లు చల్లి తడిపిన తరువాతనే గడ్డి లాగాలి. ఆపైన అరంగుళం కన్నుల ఇనుప జాలీని సందుకు సరిపడా మడిచి గోడకు బిగించాలి. సిమెంటు రేకులకు మాత్రం రంధ్రాలు వేయరాదు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. గోనెగుడ్డలు కుక్కడం దండుగ, పిచ్చుకలు పీకి గూటికే వాడుకుంటాయి. సిమెంటుతో పూడిస్తే వేడిగాలి బయటకు పోదు, పాలు త్వరగా పులుస్తాయి.

పిచ్చుకతో మనకు పగ లేదు. ఇంటి వసారాలో వరి కంకుల కుచ్చు ఎప్పటిలాగే కడదాం. జాలీ ఖర్చు తీర్మానం ఈ సమావేశంలోనే పెడుతున్నాము.