ముద్ర వేసే తంతు, తుడిచే తంతు

స్నాతకోత్సవం ఒక మనిషి హోదా మారిందని పదిమంది ఎదుట ప్రకటించే తంతు. దీనికి సరిగ్గా ఎదురుదిశలో సాగి, మనిషి హోదాను బహిరంగంగా దిగజార్చే తంతులు కూడా ప్రతి సమాజంలోనూ ఉంటాయని, న్యాయస్థానంలో దోషిగా ప్రకటించడం అటువంటిదేనని అమెరికన్ సమాజశాస్త్రవేత్త హెరాల్డ్ గార్ఫింకెల్ 1956లో వివరించారు. ఆ రెండో రకం తంతుకు గురయ్యేవారిని దగ్గరగా చూసి రాసినవారిలో మరో సమాజశాస్త్రవేత్త హోవార్డ్ బెకర్‌ది (1928–2023) ప్రత్యేక స్థానం.

షికాగోలో పుట్టిన బెకర్ చిన్న వయసులోనే అక్కడి బార్లలో పియానో వాయించేవారు. షికాగో విశ్వవిద్యాలయంలో వృత్తులను అధ్యయనం చేసే ఎవరెట్ హ్యూజ్ శిష్యరికంలో చేరాక, పక్కన వాయించేవారే ఆయన పరిశోధనకు విషయమయ్యారు. జాజ్ తెలియని శ్రోతలను ఆ వాద్యకారులు ‘స్క్వేర్లు’ అని చిన్నచూపు చూసేవారు. అయినా కడుపు నిండాలంటే ఆ శ్రోతలు కోరిన పాటే వాయించాలి కనుక, వేదిక మీద సైతం వారికీ తమకూ మధ్య ఏదో ఒక అడ్డు ఉండేలా చూసుకునేవారు. పెద్ద సమాజం లోపలే ఉంటూ సొంత విలువలను, మాటలను, గొప్పతనపు కొలతలను ఏర్పరచుకునే ఇటువంటి గుంపు జీవనరీతినే ఉపసంస్కృతి అంటారు.

1953లో వెలువడిన వ్యాసం కోసం ఆయన యాభైమంది గంజాయి వినియోగదారులను ప్రశ్నించారు. ఏదో మానసిక లోపమే మనుషులను గంజాయివైపు నెడుతుందన్న నాటి నమ్మకానికి భిన్నంగా, అది తోటివారి దగ్గర మెట్టుమెట్టుగా నేర్చుకునే వ్యవహారమని తేల్చారు. కొత్తవాడు మొదట పొగ పీల్చే పద్ధతిని, తర్వాత దాని ప్రభావాన్ని గుర్తుపట్టడాన్ని, చివరికి ఆ ప్రభావాన్ని సుఖంగా భావించడాన్ని నేర్చుకుంటాడు. తల తిరగడం, దాహం వేయడం వాటంతట అవి సుఖమూ కావు, కష్టమూ కావు. వాటికి అర్థం చెప్పేది సహవాసమే.

1963 నాటి ‘ఔట్‌సైడర్స్’ గ్రంథం ప్రశ్ననే తిరగేసింది. కట్టుబాటు తప్పిన ప్రవర్తనను సమాజశాస్త్రం విచలనం అంటుంది. అది చర్యలో సహజంగా ఉండే గుణం కాదని, కొందరు నియమం చేసి, దాన్ని మరికొందరికి వర్తింపజేసి, వారిపై ముద్ర వేయడం వల్ల పుడుతుందని బెకర్ వాదించారు. కొత్త నియమాల కోసం పట్టుబట్టేవారిని ఆయన నైతిక ఉద్యమకర్తలన్నారు. 1937 గంజాయి పన్ను చట్టం వెనుక ఫెడరల్ మాదకద్రవ్యాల బ్యూరో పత్రికలకు సమాచారం అందించి సాగించిన ప్రచారాన్ని ఉదాహరణగా చూపారు. ఈ వాదం కిందివారిపై జాలి కురిపిస్తూ పైనున్న అధికార వ్యవస్థను మాత్రం వదిలేస్తుందని సమాజశాస్త్రవేత్త ఆల్విన్ గౌల్డ్‌నర్ 1968లో ఘాటుగా విమర్శించారు. ఆ విమర్శలో న్యాయం లేకపోలేదు. తన వాదానికి హద్దు గీస్తూ, దొంగ అన్న ముద్ర పడినందువల్లే ఎవరూ దొంగతనానికి దిగరని బెకర్ తర్వాత స్పష్టం చేశారు.

ముద్ర వేసే తంతులు ఎన్నో ఉన్నా దాన్ని తుడిచే తంతు దాదాపు లేదని 1962లో సమాజశాస్త్రవేత్త కై ఎరిక్‌సన్ గుర్తించారు. రేపు పోలీసు, ఆసుపత్రి, పాఠశాల రిజిస్టర్లలో మనుషుల గురించి రాయబోయేది స్నాతకోత్సవంలో పట్టా అందుకునేవారే కనుక ఈ మాట వారికి మరింత అవసరం. ముద్ర సులువుగా చెరగదనడానికి సాక్ష్యం తెలుగు నేలపైనే ఉంది. 1871లో మొదలై 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి విస్తరించిన నేరస్థ జాతుల చట్టం, చేసిన పనితో నిమిత్తం లేకుండా పుట్టుకతోనే నేరస్థులను నిర్ణయించింది; దాని నీడలోనే బాపట్ల సమీపాన క్రైస్తవ సేవాసంస్థ సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో, ఆ ముద్ర పడిన ఎరుకలవారి కోసం స్టువర్టుపురం అనే ఆవాసం వెలిసింది. 1952 నాటికి ఆ చట్టం దేశమంతటా రద్దయింది. అయినా ఆ ఊరి మీది ముద్ర చెరగలేదు: 1991లో తెలుగు తెరకెక్కిన రెండు చిత్రాల్లో ఒకదాని పేరు ‘స్టువర్టుపురం పోలీస్ స్టేషన్’, రెండోదాని పేరు ‘స్టువర్టుపురం దొంగలు’.